దెయ్యాల మీద పీహెచ్.డి.కి సర్కారు సొమ్మా?

పోయిన నెల మా సంఘం సమావేశంలో ఎజెండాలో లేని విషయం మీద గంటన్నర వాదన జరిగింది. కారకుణ్ణి నేనే. మా మేనకోడలి కూతురు జగదల్‌పూర్‌లో పుట్టి పెరిగింది. ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, నెట్ పరీక్ష రాసి, జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంది. ఇప్పుడు పీహెచ్.డి.లో చేరింది. ఇంగ్లీషు గోథిక్ నవలలనీ బస్తర్ జానపద కథలనీ పక్కపక్కన పెట్టి చదవడం ఆ పిల్ల టాపిక్. సంతోషం పట్టలేక టీ తాగేటప్పుడు మిత్రులకు చెప్పాను. "గోథిక్ అంటే ఏమిటండీ?" అని ఒకాయన అడిగాడు. "పాత కోటలు, దెయ్యాలు, రక్తపిశాచాలు ఉండే నవలలు" అన్నాను. అంతే, అంటుకుంది!

"మనం ఊరూరా తిరిగి దెయ్యాలు లేవని చెబుతుంటే, ప్రభుత్వం డబ్బిచ్చి మరీ దెయ్యాలను చదివిస్తోందా?" అన్నాడు ఒక మిత్రుడు. "రేపు జ్యోతిష్యం మీద పీహెచ్.డి. అంటారు, ఎల్లుండి వాస్తు అంటారు" అని ఇంకొకాయన. సంఘంలో అందరికన్నా పెద్దాయన మాత్రం గొంతు పెంచకుండా ఒక్క మాట అన్నారు: "బస్తర్‌లో చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపుతున్నారు. అక్కడి భయం మీ మనవరాలికి సాహిత్యమా?"

మొదటి రెండు మాటలకూ నా దగ్గర జవాబుంది. మూడోదానికి అప్పుడు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఈ వ్యాసం. నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళ పైచిలుకు రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలోనే, అంటే బిల్లు నుంచే మొదలుపెడతాను.

ముందు లెక్క చూద్దాం

2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ళ తర్వాత సీనియర్ ఫెలోషిప్ నెలకు 42,000. ఐదేళ్ళూ పూర్తిగా తీసుకుంటే మొదటి రెండేళ్ళకు 8,88,000, తర్వాతి మూడేళ్ళకు 15,12,000. మొత్తం 24,00,000 రూపాయలు. పుస్తకాలకూ తిరుగుడుకూ ఇచ్చే కంటింజెన్సీ మరో 81,500. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. పాతిక లక్షలనుకోండి.

ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లో నేను సర్వీసంతా తలకెత్తుకున్న సూత్రం ఒకటుంది. మామూలు వివేకం ఉన్న మనిషి సొంత డబ్బు ఖర్చు చేసేటప్పుడు ఎంత జాగ్రత్త పడతాడో, ప్రజల డబ్బు ఖర్చు చేసే అధికారి కూడా అంత జాగ్రత్త పడాలి. ఆ సూత్రం ప్రకారం మన ప్రశ్న "దెయ్యాలు ఉన్నాయా?" అన్నది కాదు. ఈ పాతిక లక్షలకు దేశానికి ఏం వస్తుందన్నది. క్షయ మీద పరిశోధనకు డబ్బిస్తే క్షయను సమర్థించినట్టు కాదు కదా! జ్యోతిష్యం నిజమని నేర్పే కోర్సుకు డబ్బివ్వడం వేరు, జనం జ్యోతిష్యాన్ని ఎందుకు నమ్ముతారని తవ్వే పనికి ఇవ్వడం వేరు. మొదటిదాన్ని నేను నిన్నా వ్యతిరేకించాను, రేపూ వ్యతిరేకిస్తాను. రెండోది మనం చేయవలసిన పని. మనకు తీరిక లేక, ఓపిక లేక చేయనిది.

ఇక ఇలాంటి పీహెచ్.డి.ల వల్ల ఏమొరుగుతుందని అడిగినవారికి బస్తర్ నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. నందినీ సుందర్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పీహెచ్.డి. చేశారు. అందుకోసం బస్తర్‌లో ఉండి, అక్కడి చరిత్రను కాగితాల్లోనూ, జనం నోళ్ళలోనూ వెతికారు. ఆ పరిశోధన 1997లో పుస్తకంగా వచ్చింది. ఆ తర్వాత సల్వాజుడుం మీద సుప్రీంకోర్టుకు వెళ్ళినవారిలో ఆమె ఒకరు. ఆదివాసీ యువకుల చేతికి ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న కోర్టు చెప్పిన తీర్పు ఆమె పేరు మీదే ఉంది. తీర్పుతో ఏకీభవించేవాళ్ళూ, కానివాళ్ళూ మనలో ఉన్నారు. కానీ జానపదుల మధ్య కూర్చుని రాసుకున్న నోటు పుస్తకం ఎంత దూరం వెళ్ళగలదో గమనించండి.

దెయ్యం అంటే తీరని బాకీ

చలికాలంలో వైజాగ్ నుంచి కిరండూల్ పాసింజర్ ఎక్కి జగదల్‌పూర్ వెళ్ళాను. బైలదిలా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను అది. కిటికీ దగ్గర కూర్చుంటే సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. జగదల్‌పూర్‌లో తెలుగువాళ్ళు తరాల నుంచీ ఉన్నారు. కిందికి కోంటా, భోపాలపట్నం వైపు వెళితే తెలుగు అడవిలోనూ వినిపిస్తుంది.

రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మనవరాలిని అడిగాను. "అమ్మా, ఇంగ్లండు కోటకీ, మీ మాడియా గూడేనికీ ఏమిటి సంబంధం? వేళాకోళం కాదు, అర్థం కాక అడుగుతున్నాను."

"తాతయ్యా, నువ్వు ఆడిటరువి కదా, నీకు తొందరగా అర్థమవుతుంది" అని మొదలుపెట్టింది. గోథిక్ నవలల్లో మొదటిదని చెప్పేది హొరేస్ వాల్పోల్ 1764లో రాసిన 'ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో'. అందులో కోటలో రాక్షసాకారపు శిరస్త్రాణం పైనుంచి పడి పెళ్ళికొడుకు చచ్చిపోతాడు. బొమ్మలు చట్రాల్లోంచి దిగి నడుస్తాయి. పిల్లల కథలా ఉంటుంది. కానీ అసలు సంగతి చివర్లో బయటపడుతుంది. ఇప్పటి ప్రభువు తాత అసలు యజమానికి విషం పెట్టి, దొంగ వీలునామా పుట్టించి కోటను కాజేశాడు. ఆ దెయ్యం ఆస్తి బాకీ వసూలుకు వచ్చిందన్నమాట!

ఇంకొకటి 1847లో వచ్చిన 'జేన్ ఐర్'. పెద్ద భవంతిలో రాత్రిళ్ళు పైఅంతస్తు నుంచి వికృతమైన నవ్వు వినబడుతుంటుంది. దెయ్యమేమో అన్నంత భయం. తీరా చూస్తే ఆ ఇంటి యజమాని జమైకాలో 30,000 పౌన్ల కట్నంతో చేసుకున్న మొదటి భార్య. ఆమెకు పిచ్చి అని చెప్పి పైన గదిలో పెట్టి తాళం వేశాడు. డబ్బు తీసుకున్నది ఎవరు, తాళం ఎవరి చేతిలో ఉంది అని అడిగితే దెయ్యం మాయమై మనిషి కనబడుతుంది.

"నేను వెతికేది అదే తాతయ్యా. బస్తర్‌లో ఏ ఊరి కథ విన్నా దెయ్యం ఎవరని అడగను. ఆ కథ వల్ల ఎవరికి ఏం దక్కింది, ఎవరికి ఏం పోయింది అని అడుగుతాను."

నిజం చెప్పాలంటే ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిందీ అదే. ఓచరు చూసి డబ్బు ఎటు పోయిందో చెప్పడం. ఆ పిల్లకు కథే ఓచరు.

దంతేశ్వరి అందెలు

మన తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పింది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్ వెళ్ళి రాజ్యం స్థాపించాడని ఆ రాజవంశపు కథ. దంతేశ్వరి అమ్మవారు "నువ్వు ముందు నడు, నేను వెనక వస్తాను, నా అందెల చప్పుడు వినబడుతూనే ఉంటుంది, వెనక్కి మాత్రం చూడకు" అందట. శంఖిని, డంకిని నదులు కలిసేచోట అందెలు ఇసుకలో కూరుకుని చప్పుడు ఆగిపోయింది. రాజు వెనక్కి చూశాడు. అమ్మవారు అక్కడే ఆగిపోయింది. అదే దంతేవాడ.

ఈ కథ వినగానే మనలాంటి హేతువాది ఏం చేస్తాడు? "రాతి విగ్రహం నడుస్తుందా? అందెలు మోగుతాయా?" అని ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తాడు. నేనూ అదే చేశాను. ఆ నిమిషం తర్వాత మనకు చేయడానికి పని ఉండదు. జానపద పరిశోధకురాలికి పని అప్పుడే మొదలవుతుంది. ఇదే కథ ఒడిశాలో సాక్షిగోపాలుడికీ ఉంది. అక్కడా వెనక్కి చూడకు అన్న షరతే, అక్కడా అందెల చప్పుడే, ఇసుకే. గ్రీకుల ఆర్ఫియస్ కూడా వెనక్కి చూసే భార్యను పోగొట్టుకున్నాడు. కథ ఇన్ని చోట్ల దొరుకుతోందంటే అది ఏ ఒక్క చోటా జరిగిన సంఘటన కాదని తేలిపోతోంది. మనం వాదించి రుజువు చేయలేనిది పోలిక చూపిస్తే దానంతటదే రుజువవుతోంది!

ఇక రెండో ప్రశ్న, ఎవరికి ఏం దక్కింది? ఓరుగల్లు నుంచి వచ్చిన పరాయి రాజు అక్కడి జనాన్ని ఏలాలంటే హక్కు పత్రం కావాలి. "అమ్మవారే నా వెనక నడిచి వచ్చింది" అన్న కథే ఆ పత్రం. 1703 నాటి దంతేవాడ శాసనంలో దిక్పాలదేవుడు తన వంశాన్ని ఓరుగల్లు కాకతీయులతో కలుపుకున్నాడు. చరిత్రకారులు ఆ వంశవృక్షాన్నంతా ఒప్పుకోకపోవచ్చు. కానీ కథ ఏ పనికి వచ్చిందో మాత్రం తెలుస్తూనే ఉంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అడవివాళ్ళను భయంకరంగా చూపించే అలవాటు బయటివాళ్ళదే. దంతేవాడ గుడిలో నరబలులు జరుగుతున్నాయన్న ఆరోపణల మీద 1842లో గుడికి కాపలా పెట్టించారు. ఆ ఆరోపణల్లో ఎంత రుజువైంది, ఎంత దొరల ఊహ అని తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. మన తెలుగులో 1980ల మొదట్లో 'తులసిదళం' వచ్చి పాఠకులను వణికించింది. అందులోనూ క్షుద్రవిద్యకు పుట్టిల్లు అడవి జాతులే. ఆ నవలను దుయ్యబడుతూ రంగనాయకమ్మగారు పుస్తకమే రాశారు. మేమంతా ఆమె పక్షాన నిలబడ్డాం, సరైన పనే చేశాం. అయితే మేము అప్పుడు "కాష్మోరా లేదు" అన్నాం గానీ, "కాష్మోరా ఎప్పుడూ ఆదివాసీ గూడెంలోనే ఎందుకుంటుంది, బంజారాహిల్స్‌లో ఎందుకుండదు?" అని అడగలేదు. ఆ ప్రశ్న అడగడానికి సాహిత్యం చదివినవాళ్ళు కావాలి.

కదిలే దేవుడు, కోర్టుకెక్కే దేవుళ్ళు

బస్తర్‌లో ఆంగా దేవుడు ఉంటాడు. దుంగలతో కట్టిన చట్రం. మనుషులు భుజాల మీద మోస్తారు. మోసేవాళ్ళు "మేం నడపడం లేదు, దేవుడే లాగుతున్నాడు" అంటారు. అడిగిన ప్రశ్నలకు ఆ దేవుడు అటూ ఇటూ ఊగి, గుద్ది జవాబిస్తాడు.

దీనికి శాస్త్రీయ వివరణ మనకు తెలుసు. ఇంగ్లండులో బల్లల చుట్టూ కూర్చుని చేతులు పెడితే బల్ల తిరుగుతోందని జనం వెర్రెత్తిపోతున్న రోజుల్లో, 1853లో మైకేల్ ఫారడే చేతులకూ బల్లకూ మధ్య అట్టలు పెట్టి పరీక్ష చేశాడు. బల్ల కదలకముందే చేతులు కదులుతున్నాయని తేలింది. కూర్చున్నవాళ్ళు మోసం చేయడం లేదు. తమకు తెలియకుండానే తోస్తున్నారు. ఆంగా మోసేవాళ్ళదీ అలాంటి సంగతే అయి ఉండాలి. ఆల్ఫ్రెడ్ గెల్ అనే మానవశాస్త్రవేత్త మురియాల పూనకం మీద 1980లో ఒక వ్యాసం రాశాడు. ఉయ్యాల ఊగడం, బరువు మోయడం, ఒళ్ళు తూలడం, వీటికీ దేవుడు పూనడానికీ ఉన్న సంబంధం అందులో చర్చించాడు. ఇలాంటి పరిశీలన ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉంటేనే వస్తుంది. ఒక పూట సభ పెట్టి నిప్పుల మీద నడిచి చూపించి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాడికి రాదు. ఆ సాయంత్రం బస్సులో నేనూ చాలాసార్లు వచ్చాను.

ఇంకో విశేషం వినండి. కేశ్‌కాల్ దగ్గర భంగారామ్ అమ్మవారి జాతర ఏటా భాద్రపదంలో జరుగుతుంది. అక్కడ దేవుళ్ళ మీద విచారణ! చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళను తీసుకొస్తారు. "మా ఊళ్ళో జబ్బులు వచ్చాయి, మొక్కినా పట్టించుకోలేదు" అని జనం ఫిర్యాదు చేస్తారు. నేరం రుజువైతే ఆ దేవుడికి శిక్ష పడుతుంది, కొందరికి ఏకంగా బహిష్కారం. బుద్ధి తెచ్చుకుంటే మళ్ళీ పదవి. అదే చోట ఖాన్ డాక్టర్ అనే దేవుడు కూడా ఉన్నాడు. అంటువ్యాధుల కాలంలో వైద్యం చేసిన ఒక ముస్లిం డాక్టరును జనం దేవుణ్ణి చేసుకున్నారని చెబుతారు. పని చేయని దేవుణ్ణి సస్పెండు చేసే జనం, మందిచ్చిన డాక్టరుకు గుడి కట్టే జనం! వీళ్ళకు హేతువు లేదని ఎలా అంటాం? మన పట్టణాల్లో ఎంత పెద్ద దేవుడికైనా ఇప్పటిదాకా ఒక్క ఆడిట్ అభ్యంతరం పెట్టారా?

ఇలాంటివి తెలిసి ఆ ఊళ్ళకు వెళ్ళే హేతువాది వేరుగా మాట్లాడతాడు. "మీ దేవుడు అబద్ధం" అనడు. "మీరు దేవుణ్ణే నిలదీసేవాళ్ళు కదా, మరి ఫలానా ముసలమ్మ మీద మాట వచ్చినప్పుడు ఆ మాట అన్నవాణ్ణి ఎందుకు నిలదీయరు?" అని అడుగుతాడు. డాక్టర్ కోవూర్ చేసిందీ దాదాపు ఇదే. లక్ష రూపాయల సవాలు ఒక్కటే మనం గుర్తుపెట్టుకున్నాం. దెయ్యం పట్టిందన్న ఇంటికి వెళ్ళి, ఇంట్లో ప్రతి ఒక్కరితో విడివిడిగా మాట్లాడి, ఎవరి బాధ దెయ్యంగా బయటికి వస్తోందో కనిపెట్టిన ఆయన ఓపికను మరిచిపోయాం.

చక్రవర్తిని పంపిన డాక్టరు

"ఇదంతా సరే, చదివితే చావులు ఆగుతాయా?" అని అడుగుతారు. యూరప్‌లో ఒకసారి ఆగాయి. పద్దెనిమిదో శతాబ్దంలో తూర్పు యూరప్ పల్లెల్లో రక్తపిశాచాల భయం పాకింది. ఊళ్ళో వరసగా చావులు జరిగితే, అంతకుముందు చనిపోయినవాడు లేచి వస్తున్నాడని సమాధి తవ్వి శవానికి మేకు దిగ్గొట్టేవాళ్ళు, తగలబెట్టేవాళ్ళు. 1755లో ఆస్ట్రియా రాణి మరియా థెరీసా దీని మీద విచారణ చేయించింది. ఆమె సొంత వైద్యుడు గెరార్డ్ ఫాన్ స్వీటెన్ నివేదిక రాశాడు. పిశాచం లేదు, ఉన్నవన్నీ సహజ కారణాలే అని తేల్చాడు. ఆ తర్వాత రాణి శవాలను తవ్వడం, కాల్చడం నిషేధించింది. శవం ఉబ్బడం, నోట రక్తం కనబడడం, గోళ్ళు పెరిగినట్టు ఉండడం, ఇవన్నీ కుళ్ళే శవంలో మామూలేనని పాల్ బార్బర్ 1988లో ఒక పుస్తకమంతా వివరించాడు. ఆ పుస్తకం రాసినాయన జానపద పరిశోధకుడు.

వరస గమనించండి. ముందు విచారణ, తర్వాత చట్టం. ఆ పైన ఎప్పటికో, 1819లో పోలిడోరీ కథ, 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'. పిశాచం పేరుతో సమాధులు తవ్వడం తగ్గాకే పిశాచం నవలలోకి వచ్చి సరదా అయింది.

బస్తర్‌లో వరస అలా లేదు. పెద్దాయన ప్రశ్న సరిగ్గా ఇక్కడ తగులుతుంది. చత్తీస్‌గఢ్‌లో టోనహీ వేధింపుల నిరోధక చట్టం 2005లోనే వచ్చింది. టోనహీ అంటే మన మంత్రగత్తె. ఒక స్త్రీని టోనహీ అని వేలెత్తి చూపిస్తే మూడేళ్ళ వరకూ, వేధిస్తే ఐదేళ్ళ వరకూ జైలు. రాయపూర్ కంటి డాక్టరు దినేశ్ మిశ్రా ఏళ్ళుగా ఊరూరా తిరిగి ప్రచారం చేస్తున్నారు. అయినా 2024 సెప్టెంబర్‌లో సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో, అంటే మన భద్రాచలానికి దగ్గర్లోనే, చేతబడి అనుమానంతో ఒకే కుటుంబంలో ఐదుగురిని ఊరివాళ్ళు కొట్టి చంపారు. భయం ఇంకా మనుషుల్ని చంపుతున్నచోట దాన్ని సాహిత్యమని చదవడం ఏమిటి?

మా ఊరి చిల్లంగి

ఈ ప్రశ్న నన్ను ఎందుకు అంత బాధించిందో చెప్పాలి. మాది సాలూరు దగ్గర చిన్న పల్లె. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. నాకు పదేళ్ళప్పుడు మా వీధి చివర ఒక వితంతువు ఉండేది. మేం అత్తా అని పిలిచేవాళ్ళం. తాటి ముంజెలు కొట్టి పిల్లలందరికీ పెట్టేది. ఒక ఏడాది వరసగా ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. ఎవరో చిల్లంగి అన్నారు. ఒక రాత్రి కేకలు వినబడ్డాయి. మా అమ్మ తలుపు గడియ పెట్టి నన్ను ఒళ్ళోకి లాక్కుంది. తెల్లారేసరికి అత్త ఊళ్ళో లేదు. ముందు పళ్ళు ఊడగొట్టి తరిమేశారని తర్వాత తెలిసింది. మళ్ళీ ఆమె సంగతి ఎవరూ విన్లేదు.

ఆ తర్వాత మా ఊళ్ళో ఆమె కథ మిగిలింది. అర్ధరాత్రి చింతచెట్టు కింద దీపం పట్టుకుని తిరుగుతుందని. ఆ కథ నేనూ మా తమ్ముళ్ళకు చెప్పి భయపెట్టాను. హేతువాదినయ్యాక చిల్లంగి అబద్ధమని వంద సభల్లో చెప్పాను. ఆమె పేరు మాత్రం ఒక్క సభలోనూ ఎత్తలేదు. రిటైరయ్యాక మా పొలం పనిమీద పాత అడంగళ్ళు తిరగేస్తుంటే ఆమె పేరు కనబడింది. చెరువు కింద ఎనభై సెంట్లు. మూడేళ్ళ తర్వాతి అడంగలులో ఆ ఎనభై సెంట్లూ ఇంకొకరి అనుభవంలో ఉన్నాయి. ఆ రాత్రి కేకల్లో అందరికన్నా పెద్ద గొంతు ఆయనదే.

ఎన్నో ఏళ్ళు పద్దులు తనిఖీ చేసినవాణ్ణి. ఈ ఒక్క పద్దు చూడలేదు. దెయ్యం ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. కథను కొట్టిపారేశాను గనుక కథలో ఉన్న ఎనభై సెంట్లు కూడా దాంతోపాటే కొట్టుకుపోయాయి. కథను జాగ్రత్తగా విన్నవాడు ఎవరైనా అప్పుడు ఉండి ఉంటే, చింతచెట్టు కింద దీపం ఎందుకు చెరువు గట్టు వైపే తిరుగుతుందని అడిగి ఉండేవాడు.

అందుకే పెద్దాయనకు నా జవాబు ఇది. ఆ భయం సాహిత్యమని చదవడం లేదు. ఆ భయం కథ రూపంలో ఊళ్ళో తిరుగుతుంది గనుక, కథ చదవడం వచ్చినవాళ్ళు దాన్ని చదవాలి. చట్టం హత్య జరిగాక వస్తుంది. డాక్టరు జ్వరం వచ్చాక వస్తాడు. కథ మాత్రం హత్యకు ముందే బయలుదేరుతుంది. ఫలానావాళ్ళ ఇంటి మీద గుడ్లగూబ కూస్తోందని, ఫలానా ఆమె చూస్తే ఆవు పాలివ్వడం మానేసిందని.

నా షరతులు

ఫెలోషిప్ ఇవ్వాలి అంటున్నాను. అయితే ఆడిటరును గనుక షరతులు లేకుండా పాస్ చేయను.

ఒకటి. కథ చెప్పినవాళ్ళకు ఏం ముట్టిందో లెక్కలో కనబడాలి. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్, ఆస్ట్రేలియా ప్రొఫెసర్ క్రిస్ గ్రెగరీ కలిసి 2003లో 'లఛ్మీ జగార్' అనే హల్బీ గాథను అచ్చువేసినప్పుడు, పాడిన సుక్‌దయీ పేరును పుస్తకం పేరులోనే పెట్టారు. అది మర్యాద. పాడిన రోజుకు ఆమె కూలీ పోతుంది, దాని సంగతి కూడా చూడాలి.

రెండు. పని హల్బీలోనో గోండీలోనో ఆ ఊరివాళ్ళ దగ్గరికి తిరిగి రావాలి. ఇంగ్లీషులో మూడు వందల పేజీలు రాసి లైబ్రరీలో పెడితే అది స్టోరు గదిలో తుప్పు పట్టే సామానుతో సమానం.

మూడోదాని మీద నాకూ మనవరాలికీ ఆ రాత్రి గొడవైంది. "ఒక ఊళ్ళో కథలు రికార్డు చేస్తున్నావు. ఫలానా ఆమె టోనహీ అన్న మాట కొత్తగా పుడుతోందని నీకు తెలిసింది. ఏం చేస్తావు?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. "నేను పోలీసులకు చెప్తే ఇక ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ నాకు కథ చెప్పరు తాతయ్యా. ఇన్‌ఫార్మర్ అన్న పేరు వస్తే ఇక్కడ ఏమవుతుందో నీకు తెలీదు. నా థీసిస్ అక్కడితో అయిపోతుంది. కథ చెప్పినవాళ్ళ పేర్లు బయటపెట్టనని నేను మాట కూడా ఇచ్చాను."

ఆ పిల్ల చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను రోడ్డున పోయే పాసింజర్ని, తను అక్కడ బతకాల్సిన మనిషి. అయినా నేను ఒకే మాట అన్నాను. "పోలీసులకే చెప్పమనడం లేదు తల్లీ. పెద్దలకు చెప్పు, నర్సమ్మకు చెప్పు, ఆ ముసలమ్మను వారం రోజులు వేరే ఊరు పంపించు. ఎలా చేయాలో నాకన్నా నీకే తెలుసు. కానీ రాసుకుని ఊరుకోకు. థీసిస్ పోతే పోనీ. సర్కారు పద్దుల్లో నష్టాలు మాఫీ చేయడానికి రూల్సున్నాయి, పాతిక లక్షలు మాఫీ చేయవచ్చు. నేనే ఎన్నో ఫైళ్ళ మీద సంతకాలు చేశాను. మనిషిని మాఫీ చేసే రూలు నేను ఎక్కడా చూడలేదు."

"మీ ఊరి అత్త సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మరునాడు రైలెక్కించడానికి వచ్చినప్పుడు నోటు పుస్తకంలో మొదటి పేజీ తీసి చూపించింది. బస్తర్ కథల కంటే ముందు సాలూరు పల్లె అని రాసుకుంది. చింతచెట్టు, దీపం, చెరువు కింద ఎనభై సెంట్లు. కింద గీత గీసి, "ఆమె పేరు?" అని ఖాళీ వదిలింది. నేను చెప్పాను. రాసుకుంది.

వచ్చే సమావేశంలో ఈ విషయం నేనే ఎజెండాలో పెట్టిస్తాను. పెద్దాయన ఒప్పుకుంటారో లేదో తెలియదు. మిత్రులు మాత్రం రాబోయే ముందు ఒక పని చేయండి. మీ మీ ఊళ్ళలో చిన్నప్పుడు విన్న దెయ్యం కథ ఒకటి గుర్తు చేసుకోండి. అది అబద్ధమని మీకు తెలుసు, నాకూ తెలుసు. దెయ్యమైనామె బతికున్నప్పుడు ఎవరు, ఆమె భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది అన్నది కనుక్కుని రండి.